గులాబీరంగు డొప్ప కింద

నా దగ్గర ఏడు పాత టెలిఫోన్లున్నాయి. అయిదు అమెరికావి, ఒకటి స్వీడన్‌ది, ఒకటి మన బెంగళూరు ఐటీఐలో తయారైన నల్లఫోను. అమెరికావన్నీ న్యూజెర్సీలో ఉండే మా అక్క పాతసామాన్ల సంతల్లో వెతికి పంపినవే. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానికి ఈ పిచ్చేమిటని అడిగేవాళ్లున్నారు. కథల్లో స్త్రీ ఎక్కడ కూర్చుని ఎవరితో ఎంతసేపు మాట్లాడిందో పేజీల కొద్దీ విశ్లేషిస్తాం కదా, ఆ మాటను మోసిన వస్తువును మాత్రం ఎందుకు చదవకూడదన్నది నా ప్రశ్న.

సేకరణకర్తల లోకంలో అన్నిటికంటే ముందు వినపడేది రంగు. డొప్ప, రిసీవరు, రిసీవరు మూతలు, తీగ ఒకే ఛాయలో ఉన్నాయా, ఎండకు పసుపెక్కాయా అని చూస్తారు. తర్వాత మూతలు విప్పి లోపలి తేదీలు చూస్తారు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ ఫోనులోని భాగాల మీద తయారీ తేదీ ముద్రించేది. అన్ని తేదీలూ కలిసిన ఫోను దొరకడం కష్టం, ధర కూడా ఎక్కువ. ఎందుకంటే అమెరికాలో బెల్ వ్యవస్థ నడిచినన్నాళ్లూ ఫోను చందాదారుది కాదు, కంపెనీది. నెలనెలా అద్దె కట్టాలి. వెనక్కి వచ్చిన ఫోన్లను విప్పి, తుడిచి, ఒకదాని డొప్ప మరొకదానికి బిగించి ఇంకో ఇంటికి పంపేవాళ్లు. రిసీవరు పిడి మీద ‘బెల్ సిస్టమ్ ఆస్తి, అమ్మకానికి కాదు’ అని అచ్చుపోసి ఉంటుంది. ఆ అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్న ఫోనుకు సంతలో బేరం ఇంకా గట్టిగా సాగుతుందని మా అక్క నవ్వుతుంది.

నా ఏడింటిలో నేను ఎక్కువసార్లు విప్పి చూసింది గులాబీరంగు ప్రిన్సెస్ ఫోనుని. హెన్రీ డ్రేఫస్ సంస్థ రూపకల్పన చేసిన ఈ ఫోను 1959లో మార్కెట్లోకి వచ్చింది. తెలుపు, లేత గోధుమ, గులాబీ, నీలం, టర్కాయిస్ రంగుల్లో దొరికేది. అప్పటికి ఇంటికో ఫోను వచ్చేసింది, హాల్లోనో వంటింట్లోనో ఉంది. కంపెనీ ఆదాయం పెరగాలంటే అదే ఇంట్లో రెండో ఫోను పెట్టించాలి. దానికి నెలనెలా అదనపు అద్దె, రంగు కావాలంటే వేరే రుసుము. ఆ రెండో ఫోనుకు పడగ్గదిని ఎంచుకున్నారు, గిరాకీదారులుగా గృహిణినీ ఎదిగే ఆడపిల్లనీ ఎంచుకున్నారు. చిన్నది, ముద్దుగా ఉంటుంది, వెలుగుతుంది అన్న మూడు ముక్కల్లో ప్రకటన. రాత్రి డయల్ వెలుగుతుంది కాబట్టి బెడ్‌లైటు పని కూడా చేస్తుంది. ఈ మూడు విశేషణాల్లో ‘మాట్లాడుతుంది’ అన్నది లేదు. ఫోను గురించి చెబుతున్నారా, దాన్ని పట్టుకునే అమ్మాయి గురించి చెబుతున్నారా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది.

ముద్దుతనం కోసం బరువు తగ్గించారు. దాంతో డయల్ తిప్పుతుంటే ఫోను బల్లమీద కదిలిపోతోందని వాడేవాళ్లు ఫిర్యాదు చేశారు. మొదటి మోడల్లో గంట కూడా లేదు, విడిగా గోడకు బిగించుకోవాల్సిందే. 1963లో గంట లోపలే ఉన్న మోడల్ వచ్చాక గానీ ‘రాజకుమారి’ కుదురుగా కూర్చోలేదు.

ఇంతవరకూ చదివితే ఇది స్త్రీలను బొమ్మలుగా చూసిన మార్కెట్ కథే అనిపిస్తుంది. కానీ అక్కడితో ఆగిపోలేను. మన మధ్యతరగతి ఇళ్లలో ఫోను ఎక్కడ ఉండేదో గుర్తు చేసుకోండి. ముందుగదిలో, స్టాండు మీద, క్రోషియా గుడ్డ కింద, కొన్ని ఇళ్లల్లో డయల్‌కు చిన్న తాళంతో సహా. తాళంచెవి ఎవరి దగ్గర ఉండేదో చెప్పనక్కర్లేదు. మా అమ్మ ఆదివారాలు అమ్మమ్మతో మాట్లాడుతుంటే నాన్న, బాబాయి, నాన్నమ్మ అక్కడే కూర్చుని ఉండేవాళ్లు. ‘బాగానే ఉన్నాం’ అన్న మాట ఎన్ని రకాలుగా పలకొచ్చో నేను ఆ ముందుగదిలోనే నేర్చుకున్నాను. పుట్టింటికి మనసులో మాట చెప్పుకోవాలంటే తలుపున్న గది కావాలి, ఆ గదిలో ఫోను కావాలి. ఆ అవసరం నిజమైనది. కంపెనీ దాన్ని కనిపెట్టి, దానికి గులాబీరంగు వేసి, నెలసరి బిల్లులో కలిపింది. పరాయి చెవి లేకుండా మాట్లాడుకునే హక్కును ముద్దుతనం పేరుతో అమ్మారని నేను కంపెనీని తప్పు పడతాను గానీ, కొనుక్కున్న అమ్మాయిని తప్పు పట్టలేను.

పక్కనే ఉన్న స్వీడన్ ఫోను కథ కొంచెం వేరు. ఎరిక్సన్ కంపెనీ 1950ల మధ్యలో తెచ్చిన ఎరికోఫోన్ ఇది. పడగెత్తిన పాములా ఉంటుందని కోబ్రా ఫోను అంటారు. డయల్ అడుగున దాక్కుని ఉంటుంది. మొదట్లో ఆసుపత్రుల్లాంటి సంస్థలకే ఇచ్చారు. పడుకున్న రోగి ఒంటిచేత్తో ఎత్తుకోవచ్చు. వింతరూపం వెనక వాడే మనిషి శరీరం గురించిన ఆలోచన ఉందని దీన్ని చూసినప్పుడల్లా అనుకుంటాను.

మళ్లీ అమెరికాకు వస్తే, ముద్దుగా మాట్లాడుకోమని స్త్రీలకు ఫోన్లు అమ్మిన ఈ వ్యవస్థ తన దగ్గర పనిచేసే స్త్రీల మాటను ఏం చేసిందన్నది చూడాలి. 1878లో బోస్టన్‌లో ఎమ్మా నట్ తొలి మహిళా ఆపరేటర్‌గా చేరింది. అంతకుముందున్న కుర్రాళ్లు చందాదారులతో దురుసుగా ఉంటున్నారని మృదువైన గొంతుల కోసం ఆడవాళ్లను తీసుకున్నారు. గొంతు కావాలి, సంభాషణ వద్దు. కంపెనీ రాసిచ్చిన కొద్ది మాటలే పలకాలి. ఫోన్లు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్‌కు షికాగో దగ్గర హాథార్న్ కర్మాగారం ఉండేది. 1927లో అక్కడ కొంతమంది యువతులను విడిగదిలో కూర్చోబెట్టి, రిలేలు బిగించే వేగాన్ని కొలిచారు. ఒక్కో రిలేలో 35 దాకా భాగాలు, అవి బిగించడానికి నిమిషం. మేనేజ్‌మెంట్ పాఠాల్లో ‘హాథార్న్ ప్రయోగాలు’గా మనవాళ్లూ చదువుకునేది దీన్నే. 1928 మొదట్లో ఆ గదిలోంచి ఇద్దరిని తీసేశారు. వాళ్ల మీద వచ్చిన ఆరోపణల్లో ఒకటి, మరీ ఎక్కువ మాట్లాడుతున్నారని. టెలిఫోన్ కంపెనీలో!

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జార్జియా రాష్ట్రంలో సదరన్ బెల్ కంపెనీలో పనిచేసే లొరీనా వీక్స్ 1966లో స్విచ్‌మన్ ఉద్యోగానికి అర్జీ పెట్టుకుంది. జీతం ఎక్కువ, పని ఎక్స్ఛేంజిలో. ఆడవాళ్లు 30 పౌన్లకు, అంటే పదమూడున్నర కిలోలకు మించి ఎత్తకూడదన్న నిబంధన చూపి కంపెనీ కాదంది. ఆమె అప్పటికే ఆఫీసులో ఎత్తి పెడుతున్న టైప్‌రైటర్ బరువు 34 పౌన్లు. న్యాయవాది సిల్వియా రాబర్ట్స్ ఆమె తరఫున వాదించింది. 1969లో అప్పీలు కోర్టు, దాదాపు ఆడవాళ్లెవరూ ఆ పని చేయలేరని రుజువు చేసే భారం కంపెనీదేనని తీర్పు చెప్పింది. 1971లో ఆమె స్విచ్‌ల దగ్గర పనిలో చేరింది. పడగ్గది ఫోను తేలికైపోయి కదులుతోందని కంపెనీ సరిదిద్దిన దశాబ్దంలోనే ఈ కేసూ నడిచింది.

1973లో ప్రభుత్వ సమాన ఉపాధి కమిషన్‌తో కుదిరిన ఒప్పందంలో ఏటీ అండ్ టీ సుమారు 3.8 కోట్ల డాలర్ల బకాయిలు, జీతాల పెంపు ఒప్పుకుంది. ఆడవాళ్లు స్తంభాలెక్కారు, మగవాళ్లు ఆపరేటర్లయ్యారు. అయితే బెల్ వ్యవస్థలో తానూ పనిచేసిన చరిత్రకారిణి వీనస్ గ్రీన్ చూపించిన చేదు నిజం ఒకటుంది. నల్లజాతి స్త్రీలను 1940ల దాకా ఆపరేటర్లుగా దాదాపు తీసుకోలేదు. వాళ్లకు ఆ కుర్చీలు పెద్దసంఖ్యలో దొరికే నాటికి యంత్రాలు వచ్చి ఆ కుర్చీలనే తగ్గించేస్తున్నాయి.

నా గులాబీ ఫోను డొప్ప మీద రెండు గీతలున్నాయి, తీగ రంగు కలవదు, లోపలి తేదీలు మూడు వేర్వేరు సంవత్సరాలవి. అంటే కనీసం ఒక్కసారైనా ఎవరో విప్పి, తుడిచి, మళ్లీ బిగించారన్నమాట. సేకరణకర్తల లెక్కలో ఇది తక్కువరకం. నాకైతే తేదీలు కలిసిన ఫోను వద్దనే చెప్పాను మా అక్కకి.