వివరణ గ్రంథపట్టికలు

కళాశాలలో పరిశోధనకు బూనిన విద్యార్థిని ఉపాధ్యాయుడు మొట్టమొదట నడుగునది వ్యాసము గాదు, గ్రంథపట్టిక. అదియు వట్టి పేర్ల పట్టిక గాదు. గ్రంథకర్త పేరు, గ్రంథనామము, ముద్రణ సంవత్సరము వ్రాసి, దాని క్రింద నాలుగైదు వాక్యములలో అందేమి చెప్పబడినదో, ఏ యాధారములపై జెప్పబడినదో, తన విషయమున కది యెంతవఱకు బనికివచ్చునో తెలుపవలెను. పెక్కుమంది యిది గుమాస్తా పని యని తలచి, పీఠికనుండి రెండు వాక్యములును, మఱియొకరి పట్టికనుండి రెండు వాక్యములును దెచ్చి యతికించి కార్యము ముగింతురు. మన యిండ్లలో బిల్లలు రాత్రి మేలుకొని చేయు చదువులో నిట్టిది కొంత యుండుట తల్లిదండ్రు లెఱుగనిది కాదు. కాని గ్రంథమును గూర్చి వ్రాసిన నాలుగు వాక్యములు ఎంత దూరము పోగలవో, ఎంతకాలము నిలువగలవో చరిత్రలో జూచినవారు దీనిని జిన్నపని యనజాలరు.

క్రీస్తుశకము తొమ్మిదవ శతాబ్దమున గాన్‌స్టాంటినోపిలు నగరములో ఫోటియసు అను పండితుడు తాను జదివిన సుమారు 280 గ్రంథములకు వివరణములు వ్రాసి తన సోదరున కంపెను. కొన్నిటికి నాలుగు పంక్తులు, కొన్నిటికి బుటలకొలది. అందు క్తేసియసు అను గ్రీకు వైద్యుడు హిందూదేశమును గూర్చి వ్రాసిన గ్రంథ మొకటి. ఈ వైద్యుడు పారసీక చక్రవర్తి కొలువులో నుండినవాడేగాని మన దేశమును గన్నులార జూచినవాడు కాడు. ఆ మూలగ్రంథము నశించినది. నేడు మనకు ముఖ్యముగా మిగిలినది ఫోటియసు వ్రాసిన సంగ్రహమే. అందు గుక్కతలల మనుష్యులు, మరుగుజ్జులు, నరులను దిను వింతమృగములు మొదలగువే మెండు. మూలమున నట్లే యుండెనో, లేక ఫోటియసునకు వింతలపై గల మక్కువ తక్కినదానిని జాఱవిడిచెనో నిర్ణయించుట కెవ్వరికిని దరము గాకున్నది. గ్రంథము పోయి వివరణము నిలిచినచో వివరణమే గ్రంథమై కూర్చుండును.

అంత దూరపు మాట యేల యనువారికి మన యింటి నిదర్శనమే కలదు. కర్నలు కాలిన్ మెకంజీ 1783 లో నీ దేశమునకు వచ్చిన యుద్యోగి. భూములను గొలుచుట యాయన వృత్తి. ఊరూర మనుష్యులను బంపి తాళపత్రములు, శాసనముల ప్రతులు, గ్రామచరిత్రలగు కైఫీయతులు సంపాదించుట యాయన వ్యసనము. ఆయనకు మన భాషలు రావు. 1796 లో నాయనయొద్ద జేరిన ఏలూరి వాస్తవ్యుడు కావలి వెంకట బొఱ్ఱయ్యయే యాయనకు గన్నులు. హళెగన్నడ శాసనములను జదువుట సాధించిన యీ బ్రాహ్మణ యువకుడు 1803 లో మరణింపగా, సోదరుడు లక్ష్మయ్య యా భారమును వహించెను. హిందూదేశ విజ్ఞానమునకు దనకు ద్వారము దెఱచినది బొఱ్ఱయ్య పరిచయమే యని మెకంజీ 1817 లో సర్ అలెగ్జాండరు జాన్‌స్టనునకు వ్రాసిన లేఖలో నొప్పుకొనెను. ఆ కాలపు దొరలలో నిట్టి యొప్పుకోలు మిక్కిలి యరుదు.

తన సంచయమునకు దానే వివరణపట్టిక వ్రాయవలెనని మెకంజీ తలచెను గాని 1821 లో గాలధర్మము నొందెను. ఈస్టిండియా కంపెనీవారు 10,000 పౌనులకు దానిని గొనిరి. పట్టిక వ్రాయుపని హోరేసు హేమన్ విల్సను చేతికి వచ్చెను. ఆయన సంస్కృతమున ఘనుడు. 1832 లో ఆక్స్‌ఫర్డున సంస్కృతాచార్య పీఠమునకు మొదటివాడై యెన్నుకొనబడినవాడు. దక్షిణదేశ భాషలు మాత్ర మెఱుగడు. ఎదుట నున్నవి 1,568 గ్రంథములు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనముల ప్రతులు. మెకంజీ పరివారములోని పండితు లింగ్లీషున వ్రాసియిచ్చిన సంగ్రహముల నాధారము చేసికొని, 1828 లో గలకత్తాలో రెండు సంపుటములుగా నాయన పట్టికను బ్రకటించెను. ఈ సంగతి నాయన దాచలేదు. కాని పట్టికలను జూచువారిలో బీఠికలు జదువువా రెందఱు? తాళపత్రము జదివినవాడు తెలుగు పండితుడు, పేరు విల్సనుది. చదువరికి బ్రమాణమై నిలిచినది ఆ పేరే.

లక్ష్మయ్య యూరకుండలేదు. ఆ సంచయముపై బని సాగించుటకు దన కవకాశము గావలెనని కోరెను. ఆ కోరిక కలకత్తా ఆసియా సంఘమునకు బోగా, అందలి కార్యదర్శి జేమ్సు ప్రిన్సెపు 1836 లో, ఇట్టి కార్యమునకు విడివిషయములనుండి సామాన్యసిద్ధాంతములు దీయనేర్చిన యొక యధినాయకుడు గావలెననియు, లక్ష్మయ్య యోగ్యత యంతకు జాలదనియు దీర్పు చెప్పెను. ముప్పదియేండ్లకు బైగా నా పత్రములను జేత బట్టినవాడు వానిని సేకరించుటకు దగును, చదువుటకు దగును, దొరలకు విప్పిచెప్పుటకు దగును. తన పేర వివరణము వ్రాయుటకు మాత్రము తగడట!

పని రెవరెండు విలియము టెయిలరునకు దక్కెను. శిథిలమగుచున్న ప్రతులను దిరిగి వ్రాయించుట ఆయన చేసిన మేలు. మెకంజీ గ్రంథములతో బాటు లండనునుండి తిరిగివచ్చినవియు, బ్రౌను దొర కూర్చినవియు జేర్చి 1857 మొదలు 1862 వఱకు మూడు సంపుటములు మద్రాసున వెలువరించెను. మఱి 1972, 1976 సంవత్సరములలో టి. వి. మహాలింగముగారి సంపాదకత్వమున మద్రాసు విశ్వవిద్యాలయమువారు సంగ్రహముల సంపుటములు ప్రకటించిరి. తెలుగు కైఫీయతులు రెండవదానిలో నున్నవి.

నేడు తన యూరి చరిత్ర వ్రాయబూనిన విద్యార్థికి, ఒకే కైఫీయతును గూర్చి యిట్లు ముగ్గురి వివరణములు దొరకవచ్చును. ముగ్గురిని జూచి నాలుగవది యల్లుట సులభమే. కాని ఆ కైఫీయతు చెన్నపట్టణమున 1869 లో నేర్పడిన ప్రాచ్యలిఖిత పుస్తకాలయములో నున్నదా, తాను జూచినది మూలమా, తిరిగివ్రాసిన ప్రతియా, వట్టి సంగ్రహమా యనునది యతని వివరణములో మొదటి వాక్యము గావలెను. తరువాత, చెప్పినవా డెవడు? కరణమైనచో తన కవిలెను జూచి చెప్పెనా, మాన్యపు హక్కు నిలుపుకొనుటకు జెప్పెనా? పదిపుటలు మాత్రమే చదివినచో బదిపుటలే యని వ్రాయుటలో సిగ్గులేదు. ప్రాతలిపి చదువ నొక శాస్త్రులుగారు తోడ్పడినచో నాయన పేరును జెప్పవలెను.

కావలి సోదరులలో రామస్వామి 1829 లో గలకత్తాలో దక్కను కవుల చరిత్రల నింగ్లీషున దన పేరనే ముద్రింపించెను. అందు గట్టుకథలు లేకపోలేదు; అయినను విల్సను పట్టిక వెలువడిన మఱుసటియేడే వచ్చిన యా పుస్తకమును దాని ప్రక్క నుంచుకొని చదువుట మంచిది. దానిని బట్టికలో జేర్చు విద్యార్థి గ్రంథకర్త యను చోట కావలి వెంకట రామస్వామి యని వ్రాయును. బొఱ్ఱయ్యకు, లక్ష్మయ్యకు నట్టి చోటు దొరకలేదు గనుక, విల్సను పట్టిక క్రింద వ్రాయు నాలుగు వాక్యములలో నొకటి వారికి గేటాయింపవలెను.