దివాణాల సంధ్య: జయపురం నుంచి ఒక చూపు

అమెరికా దక్షిణాది కథల్లో ఒక మనిషి పదేపదే కనిపిస్తాడు. అంతర్యుద్ధంలో ఆస్తి పోయింది, బానిసలు విడుదలయ్యారు, ఇంటి పరువును మాత్రం వదలడు. 1930లో ఫాక్‌నర్ రాసిన 'ఎ రోజ్ ఫర్ ఎమిలీ' కథలో ముసలి ఎమిలీ, పన్ను అడగవచ్చిన ఊరి పెద్దలను తనకు పన్నే లేదని చెప్పి వచ్చిన దారినే పంపేస్తుంది. మన జమీందారీ కథలకు ఆవిడ దగ్గరి చుట్టం.

1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల బహుమతిని విశ్వనాథ 'వేయిపడగలు', అడివి బాపిరాజు 'నారాయణరావు' పంచుకున్నాయి. మొదటిది సుబ్బన్నపేట కోట, గుడి, సేద్యం కలిసి కుంగిపోవడాన్ని గుండె చెరువయ్యేలా చెప్పింది. రెండోది జమీందారు బిడ్డను జమీ లేని ఇంటికి కోడలిగా పంపింది. ఆ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల విరాళమిచ్చిన దాత, నేటి కోరాపుట్, రాయగడ కొండలను ఏలిన జయపురం మహారాజు విక్రమదేవవర్మ.

జయపురం చిన్న జమీ కాదు. 1802 శాశ్వత పరిష్కారం తర్వాత దీనికి కట్టిన పేష్కష్ 16,000 రూపాయలు, అంత విశాలమైన సంస్థానానికి నామమాత్రం. 1869లో పుట్టిన విక్రమదేవవర్మ అరవై దాటాక 1931లో గద్దెనెక్కారు. తెలుగులోనూ ఒడియాలోనూ కవిత్వం రాశారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి జయపురం విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయింది. పోయిన తోటల వైభవం తలచుకునే 'గాన్ విత్ ద విండ్' అచ్చయినదీ ఆ ఏడే. మహారాజు 1951లో కన్నుమూశారు. ఒరిస్సా ఎస్టేట్ల రద్దు చట్టం కూడా 1951దే.

ఆయనను ఎమిలీ పక్కన నిలబెట్టడం అన్యాయం. రాబోయే కాలానికి సైన్సు కళాశాల కట్టించిన మనిషి గతాన్ని పట్టుకు వేలాడాడని అనలేం. గతాన్ని పట్టుకున్నది జనం. దసరాకు ఇప్పటికీ ఊరూరి దేవతల గుర్తుగా పొడవాటి లాఠీలకు రంగుగుడ్డలు చుట్టి, వాద్యాలతో జయపురం తెస్తారు. రాజ్యం లేకపోయినా దేవతలు రాజధానికి వస్తూనే ఉన్నారు.

ఇక్కడి గొప్ప నవలలు మాత్రం దివాణం లోపల పుట్టలేదు. కోరాపుట్‌లో ఉద్యోగం చేసిన గోపీనాథ్ మహంతి 1945లో 'పరజా' రాశారు. అందులో సుక్రు జానీ, అతని కొడుకులు అప్పుకింద సాహుకారు దగ్గర గోతీలుగా, అంటే వెట్టివాళ్లుగా, చేరతారు. భూమి పోతుంది, చివరికి గొడ్డలి లేస్తుంది. 1955లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన 'అమృతర సంతాన' కోంధు గూడెం పెద్ద సరబు సావొంతా మరణంతో మొదలవుతుంది. ఆయన కూడా పెద్దరికం చేసినవాడే. పోతూ కొండను, సూర్యుణ్ణి చూసుకున్నాడు తప్ప బిరుదులను కాదు.

జల్సాలు ఆగిపోయాయని కన్నీరు పెట్టించే కథలు నాకూ ఇష్టమే. 1958లో సత్యజిత్ రాయ్ తీసిన 'జల్సాఘర్' చూసి కదలని మనసుండదు. కానీ దివాణంలో దీపాలు వెలిగించిన నూనె ఖరీదును ఎవరు కట్టారో చెప్పని కథ సగం కథే. 'అమృతర సంతాన'ను పురిపండా అప్పలస్వామి తెలుగు చేశారు. 'వేయిపడగలు' చదివినవారు దాన్నీ చదవాలి, రెండూ ఒకదాని వెంట ఒకటి.