ఆటపాక మాట ఎత్తరేం?

వేసవి సెలవుల చివర మన ముదినేపల్లి సెంటర్లో ఒక ఫ్లెక్సీ వెలిసింది. పిల్లల డాన్సు స్కూలు వార్షికోత్సవానికి కట్టింది. ఎడమచేతి వైపు సిద్ధేంద్రయోగి బొమ్మ, కుడిచేతి వైపు వెంపటి చినసత్యం గారి ఫొటో, నడుమ యథాప్రకారం నాయకులు, కింద గజ్జెలు కట్టుకున్న పిల్లలు. కూచిపూడితో పాటు వెస్ట్రన్, యోగా, జిమ్నాస్టిక్స్ కూడా నేర్పబడునని ఒక మూల రాశారు. పిల్లలు ముచ్చటగా ఉన్నారు. కానీ సిద్ధేంద్రుడికీ చినసత్యం గారికీ మధ్య దాదాపు మూడు వందల ఏళ్ళ దూరముంది. ఆ దూరమంతా ఖాళీగా వదిలేసి, ఆ చోటులో ఎమ్మెల్యే గారి ఫొటో పెడితే చరిత్ర కుదిరిపోతుందా?

ఫ్లెక్సీ కట్టినవాళ్ళను అని లాభం లేదు. మన ప్రాంతంలో సావనీర్లకు వ్యాసాలు రాసే పెద్దలే వాళ్ళకా దారి చూపించారు. వాళ్ళ కథ ఎప్పుడూ మాచుపల్లి కైఫియత్తుతో మొదలవుతుంది. సిద్ధవటం సీమనేలే సమ్మెట గురవరాజు పన్నుల కోసం ఆడవాళ్ళను హింసించడం, భాగవతులు విజయనగరం వెళ్ళి ఆ ఘోరాన్నే కేళికగా కట్టి వీరనరసింహరాయల ముందు ఆడి చూపడం, రాయలు గురవరాజును శిక్షించడం. కథ గొప్పది. అయితే మనవాళ్ళు దీన్ని ‘శాసనం’ అని రాస్తారు. అది శాసనం కాదు, కైఫియత్తు. రాతి మీద రాజు చెక్కించినది ఒకటి, మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి కరణాలను అడిగి కాగితం మీదికి ఎక్కించినది వేరొకటి. వీరనరసింహరాయలు 16వ శతాబ్దం మొదట్లో ఏలినవాడు. మెకంజీ సేకరణ సాగింది దానికి మూడు వందల ఏళ్ళ తర్వాత. ఆ కాగితాన్ని కొట్టిపారేయమనను, దాని బరువుకు మించి మోయించవద్దంటాను. తానీషా కూచిపూడిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడన్న మాటను కూడా ఇలాగే సర్టిఫికెట్టులా చదువుతారు.

సరే, రాయల కాలంలో ఆడారు, తానీషా కాలంలోనూ ఆడారు. ఆడినవాళ్ళు మగవాళ్ళు. భాగవతుల ఇళ్ళలో పుట్టిన మగపిల్లలు తండ్రుల దగ్గర, మేనమామల దగ్గర నేర్చుకుని మేళంతో పాటు ఊళ్ళు తిరిగారు. మరి మన ముదినేపల్లి ఫ్లెక్సీ మీద ఉన్న పిల్లల్లో ఎక్కువమంది ఆడపిల్లలే కదా. భాగవతుల ఇళ్ళ పేర్లు వాళ్ళలో ఒక్కరికీ ఉండవు. ఏ ఇంటి ఆడపిల్లయినా సాయంత్రం ఫీజు కట్టి గురువు దగ్గర తకిట తకధిమి అనగలిగే రోజు ఎలా వచ్చింది? నాకు కావలసిన చరిత్ర అది. దానికి కైఫియత్తు పనికిరాదు.

ఈ గడ్డ మీద ఆడపిల్లలకు ఆట నేర్పినవాళ్ళు ముందుగా కళావంతులే. కూచిపూడికి కూతవేటు దూరంలోని మొవ్వ పేరు క్షేత్రయ్య పదాల్లో మారుమోగింది. ఆ పదాలకు ఇన్ని తరాలు అభినయం పట్టి నిలిపింది కళావంతుల ఇళ్ళలోని స్త్రీలు. తాడేపల్లిగూడెం వైపు అత్తిలి దగ్గర బళ్ళిపాడులో మదనగోపాలస్వామి గుడిని సేవించిన సారిదె మాణిక్యమ్మ గారి దగ్గరికి ఢిల్లీ నుంచి స్వప్నసుందరి గారు వచ్చి నేర్చుకున్నారు. ఆ సంప్రదాయం విలాసినీ నాట్యం పేరుతో మళ్ళీ వేదిక ఎక్కింది. నటరాజ రామకృష్ణ గారు గోదావరి జిల్లాల కళావంతుల కళాకారిణులను వెతికి పట్టుకుని ఆంధ్రనాట్యం నిలబెట్టారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీల అంకితాన్ని నిషేధించింది. చట్టం రావలసిందే, వచ్చింది. దాని వెంట వచ్చిన వెలి మాత్రం ఆ గురువులను గడప దాటనివ్వలేదు. తర్వాతి తరం మధ్యతరగతి అమ్మాయిలు గజ్జె కట్టేనాటికి, ఆ గజ్జె ఎవరిదో చెప్పడం మర్యాద కాదనుకున్నారు.

ఇక అసలు సంగతి. ‘కూచిపూడి అందరికీ అందింది మద్రాసులో’ అని మన వ్యాసకర్తలు రాసీ రాసీ నిజం చేశారు. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గారు స్త్రీలకు నేర్పారు, ఏకపాత్రగా ఆడే పద్ధతికి పట్టు తెచ్చారు, నిజమే. చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి అడుగులను చక్కదిద్దారు, పిల్లల అంగశుద్ధి మీద మేళాల్లో ఎరగనంత శ్రద్ధ పెట్టారు. 1998లో పద్మభూషణ్ ఊరికే రాలేదు. కానీ ఆ అకాడమీకి ముందే, 1950ల చివర్లోనే కూచిపూడి ఊళ్ళో సిద్ధేంద్ర కళాక్షేత్రం తలుపులు తెరిచింది. దాని వెనక నిలబడ్డవారు బందా కనకలింగేశ్వరరావు గారు. ఏ ఊరివారు? కైకలూరు దగ్గరి ఆటపాక వారు. 1907 జనవరి 20న అక్కడే పుట్టారు. నేడు ఆటపాక అంటే గూడబాతులు చూడడానికి వచ్చే కార్లే గుర్తుకొస్తాయి. ఆటపాక నుంచి కూచిపూడికి నాట్యబడి వెళ్ళిందంటే నవ్వేవాళ్ళే ఎక్కువ.

ఆయన ఏలూరులో ప్లీడరు. పద్యనాటకాల్లో పేరు మోసిన నటుడు, జెమినీ వారి ‘బాలనాగమ్మ’ (1942)లో వేషం కట్టినవాడు, ఏలూరులో ప్రభాత్ థియేటర్ నడిపినవాడు. భాగవతుల ఇంటివాడు కాడు కనుకనే ఆయనకు ఒక సంగతి తట్టిందని నా అభిప్రాయం. మేళంలో గురువు నేర్పేది రేపటి వేషానికి. బడిలో గురువు నేర్పేది ఈ ఏడు పాఠానికి. మేళం గురువు తన కొడుకును సత్యభామను చేస్తాడు, బడి గురువు ఎవరి బిడ్డనైనా వరుసలో నిలబెడతాడు. చింతా కృష్ణమూర్తి గారు, వేదాంతం సత్యనారాయణశర్మ గారు రాత్రంతా రంగం మీద జనాన్ని కూచోబెట్టగలిగిన మహానుభావులు. ఆ విద్యకు తరగతులూ పాఠాలూ సిలబసూ కావాలని పట్టుబట్టడానికి నాటకం, కోర్టు రెండూ తెలిసిన మనిషి అవసరమయ్యాడు.

కాలం కూడా కలిసొచ్చింది, లేదా తోసుకొచ్చింది. 1958లో ఢిల్లీలో కేంద్ర సంగీత నాటక అకాడమీ జరిపిన నాట్యసదస్సులో విస్సా అప్పారావు గారు కూచిపూడి పక్షాన ప్రసంగించారు. శాస్త్రీయ నృత్యంగా దక్కవలసిన గౌరవం దక్కలేదని మనవాళ్ళకు కష్టం తోచింది. మరుసటి ఏడే హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ ప్రత్యేక సదస్సు పెట్టింది. ఢిల్లీ అవమానం లేకపోతే కూచిపూడిలో బడికి అంత ఊపు వచ్చేది కాదేమో. ఆ కళాక్షేత్రమే తర్వాత తెలుగు విశ్వవిద్యాలయం చేతికి వచ్చి సిద్ధేంద్రయోగి కళాపీఠమైంది. గుడివాడ, కైకలూరు, మన ఊరు అంటూ బస్సుల్లో తిరుగుతూ సాయంత్రాలు క్లాసులు చెప్పే టీచర్ల చేతుల్లో ఉండే సర్టిఫికెట్టుకు మూలం ఆ ఆలోచనే. బందా గారికి 1964లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం నటుడిగా వచ్చింది. 1968లో పోయారు. నాట్యచరిత్ర పుస్తకాల్లో ఆయన ‘సహకరించిన ప్రముఖుల’ వరుసలో ఒక కామాకూ మరో కామాకూ మధ్య ఉంటారు.

మన మండలంలోని పెయ్యేరు సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. దుక్కిపాటి మధుసూదనరావు గారు అక్కడివారు. ఆయన నాటకాల్లో ఆడవేషాలు కట్టిన కుర్రాడే అక్కినేని నాగేశ్వరరావు. మగపిల్లవాడికి నడక, చూపు, జడ తిప్పడం నేర్పే గురువులు కూచిపూడిలోనే కాదు, మన నాటక సమాజాల్లోనూ ఉన్నారు. సినిమా చరిత్రకారులు దీన్ని సినిమా ఖాతాలో వేసుకున్నారు, మనం నోరెత్తలేదు.

జిమ్నాస్టిక్స్ మాటకొస్తే, ఫ్లెక్సీ మీద అది కొత్త విద్యలా కనబడుతోంది. ఊరి నడుమ గడ పాతి, డోలు కొట్టి, తాడు మీద నడిచి, పసిపిల్లలను విల్లులా వంచిన దొమ్మరివాళ్ళు దీన్ని మన కళ్ళ ముందే ఆడేవారు. మనం బియ్యం పోసి పంపించాం, గురువని ఎవరినీ పిలవలేదు. ఆ పిల్లలు వేసిన మొగ్గలే నేడు పరుపుల మీద వేస్తే ఫీజు కడుతున్నాం. తర్వాత హైస్కూలు డ్రిల్లు మాస్టార్లు పంద్రాగస్టుకు పిల్లలతో పిరమిడ్లు కట్టించారు. పైన నిలబడ్డ పిల్లవాడు జెండా ఊపితే ఊరంతా చప్పట్లు. 2018లో హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డి మెల్‌బోర్న్ ప్రపంచకప్ పోటీల్లో వాల్టులో కాంస్యం తెచ్చాక తల్లిదండ్రులకు దాని మీద గురి కుదిరింది. ఊరికో డ్రిల్లు మాస్టారు ఉన్న రోజుల్లో ఆ గురి ఉంటే బాగుండేది.

ఈ వ్యాసం చదివి కైకలూరు మిత్రులు ‘ఆటపాక మాది, నీకేం పని’ అంటారని తెలుసు. ఏలూరు వాళ్ళు ప్రభాత్ థియేటర్ చూపించి బందా మావాడంటారు. అనండి. 2009 ఎన్నికలకు ముదినేపల్లి నియోజకవర్గాన్ని ఎత్తేసి కైకలూరులో కలిపినప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు. 2022లో కృష్ణా జిల్లా నుంచి తీసి ఏలూరులో వేసినప్పుడూ అడగలేదు. ఇద్దరూ మమ్మల్ని కలుపుకున్నారు కనుక బందా గారిలో మా వాటా కూడా రాసివ్వాలి.