అన్నదానమున కడవరుస

గతమాసమున మా యూరి యన్నదానమున మేమును వడ్డించితిమి. కడవరుసవారికి మిగిలినది మాత్రమే పెట్టుట చూచియు మిన్నకుంటిమి. ఇంటికి వచ్చినపిదప డొక్కా సీతమ్మగారు జ్ఞప్తికి వచ్చిరి.

1841లో మండపేటలో జన్మించిన యామె జోగన్నగారిని పెండ్లాడి లంకల గన్నవరమునకు వచ్చిరి. వైనతేయ గోదావరిని దాటు బాటసారులకు ఆ దంపతుల యిల్లే యాశ్రయమయ్యెను. సేద్యమున వచ్చిన పంటతో, వేళగాని కులముగాని విచారింపక, ఆమె తన చేతులతో వండి వడ్డించిరి. 1909లో గతించిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరిడినది.

సంతోషమే, కాని పేరిడినంతమాత్రమున ఋణము తీరదు. పాత్రాపాత్రవిచారము ఇతర దానములకు చెల్లునేమో. అన్నదానమునకు ఆకలియే పాత్రత. ఇకమీదట మేము వడ్డన కడవరుసనుండియే మొదలిడుదుము. చదువరులును అట్లే చేయుదురుగాక.