తెలుగు కౌబాయ్ సినిమాల్లో పగ కథ

ఇటలీలో తయారైన 'స్పాగెటీ వెస్టర్న్' చిత్రాల ప్రభావంతో 1970 దశకం మొదట్లో తెలుగులో కౌబాయ్ సినిమాల వరుస మొదలైంది. టోపీ, గుర్రం, తుపాకీ అరువు తెచ్చుకున్నవి. పగ మాత్రం మన ఇంటిదే.

స్పాగెటీ ఇటలీవాళ్ల రోజువారీ తిండి. చూడడానికి పొడుగాటి సేమ్యాలా ఉంటుంది. అమెరికా పశ్చిమ సీమ కథల్ని ఇటాలియన్లు తీయడమేమిటని వెక్కిరించబోయి పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ 1964లో తీసిన 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్'కు మూలం అమెరికాలో కూడా లేదు. అది జపాన్ దర్శకుడు కురొసావా 1961 నాటి 'యొజింబో' నుంచి వచ్చింది. ఎడారి దృశ్యాలను స్పెయిన్‌లోని అల్మెరియా ప్రాంతంలో తీసేవారు. పాత హాలీవుడ్ వీరుడు ఊరి కోసం, న్యాయం కోసం నిలబడేవాడు. ఇటలీ వీరుడికి ఊరితో పని లేదు, తన లెక్క తాను తేల్చుకుని వెళ్లిపోతాడు.

ఆ లెక్కను గుర్తుచేసేది తరచు ఒక చిన్న వస్తువు. 1965లో వచ్చిన 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్'లో అది జేబు గడియారం. మూత తెరిస్తే సన్నగా సంగీతం వినిపిస్తుంది. అది ఆగగానే తుపాకీ పేలాలి. ప్రతినాయకుడు కాజేసిన గడియారానికి జోడు అతని వెంటపడిన కల్నల్ మార్టిమర్ దగ్గర ఉంది. అందులో ఉన్నది అతని చెల్లెలి బొమ్మ అని చివర్లో తెలుస్తుంది. 1968 నాటి 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్'లో గడియారం బదులు మౌతార్గాన్. ఎన్నియో మొర్రికోనే సంగీతం లేకుంటే ఈ వస్తువులకు ఇంత బరువు వచ్చేది కాదు. 1967 నాటి 'డెత్ రైడ్స్ ఎ హార్స్'లో పసివాడు తనవాళ్లను చంపడం కళ్లారా చూసి, పెద్దయ్యాక ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ బయల్దేరతాడు. తెలుగు ప్రేక్షకుడికి ఈ కథ కొత్తేమీ కాదు.

తెలుగులో ఈ దారి తెరిచింది దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. 1970లో 'రౌడీ రాణి' తీసి విజయలలిత చేత పగ తీర్పించాడు. దాన్నే 1972లో 'రాణీ మేరా నామ్'గా హిందీకి తీసుకెళ్లాడు. ఆడదాని చేతికి తుపాకీ ఇచ్చిన ఆ సినిమాకు దక్కాల్సినంత పేరు దక్కలేదనిపిస్తుంది. 'రౌడీ రాణి' వచ్చిన మరుసటేడు, 1971లో, పద్మాలయా సంస్థకు కృష్ణ, విజయనిర్మలతో తీసిన 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చింది. దేశంలో తొలి కౌబాయ్ సినిమాగా దీన్నే చెబుతారు. 'షోలే' కన్నా నాలుగేళ్లు ముందుది. రచన ఆరుద్ర. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన కలమే కౌబాయ్‌కి మాటలు రాసింది! చిత్రీకరణ రాజస్థాన్ ఎడారిలో జరిగింది. 'ట్రెజర్ హంట్' పేరుతో ఇంగ్లీషులోకి కూడా వెళ్లింది. లియోనీ సినిమాల నిధి వేట ఇందులో ఉంది గానీ, ఆ నిధి ఇంగ్లీషువాళ్ల కాలం నాటి సంస్థానానిది. కథానాయకుడిని నడిపించేది డబ్బాశ ఒక్కటే కాదు, తల్లిదండ్రుల చావు కూడా. ఇటలీ వీరుడికి తరచు పేరు కూడా ఉండదు, మనవాడికి వంశం లేకపోతే కుదరదు.

తర్వాత చిరంజీవి 'కొదమసింహం' (1990), మహేశ్‌బాబు 'టక్కరి దొంగ' (2002) వచ్చాయి. రెండింటిలోనూ హంగు పెరిగింది, కసి పలచబడింది.

ఉత్తర తెలంగాణ కథల్లో పగకు ఎడారి అక్కర్లేకపోయింది. ఇక్కడ దొర ఉన్నాడు, అతని కోటలాంటి గడీ ఉంది. దాసరి నారాయణరావు 'ఒసేయ్ రాములమ్మా' (1997)లో దొర చేత చెడిన పిల్ల తుపాకీ పట్టి తిరిగొస్తుంది. వెస్టర్న్‌కు అతి దగ్గరగా వచ్చింది మాత్రం 2023 మార్చి 30న విడుదలైన 'దసరా'. శ్రీకాంత్ ఓదెల తొలి చిత్రమిది. సింగరేణి బొగ్గు బావుల పక్కన వీర్లపల్లి అనే ఊరి కథ. ధరణి పాత్ర వేసిన నాని, దోస్తులతో కలిసి నడుస్తున్న గూడ్సు బండి ఎక్కి బొగ్గు దొంగిలిస్తాడు. వెస్టర్న్‌లలో బంగారం కోసం జరిగే రైలు దోపిడీ ఇక్కడ బొగ్గు కోసం జరుగుతుంది. ముఖాల మీద ఎడారి దుమ్ముకు బదులు నల్లటి మసి. తాగితే తప్ప ధైర్యం రాని ధరణి, దోస్తు సూరిని చంపినవాళ్ల మీద పగ తీర్చుకునేది దసరా నాడే.

దసరా రోజు ఉత్తర తెలంగాణలోని హుజూరాబాద్ వైపు ఊళ్లలో జమ్మి ఆకును 'బంగారం' అని చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటారు. పక్కనే ఉన్న జమ్మికుంట పేరులోనూ ఆ చెట్టు ఉంది. కౌరవులతో లెక్క తేల్చుకునే రోజు వచ్చేదాకా పాండవులు ఆయుధాలు దాచింది జమ్మి చెట్టు మీదే.