‘డాక్టర్ హూ’ పునరాగమనం (2005): అభిమానుల స్వాధీనభావం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
బ్రిటన్ ప్రసారసంస్థ బీబీసీ 1989లో నిలిపివేసిన ‘డాక్టర్ హూ’ అనే వైజ్ఞానిక కాల్పనిక ధారావాహిక 2005లో మళ్ళీ మొదలైంది. మధ్యలో గడచిన పదిహేనేళ్ళూ దానిని బతికించినవారు అభిమానులే. అది తిరిగివచ్చినప్పుడు వారు సంతోషించారు. అదే సమయంలో అంతవరకు తమకున్న ఒక అధికారాన్ని కోల్పోయారు. ఆ సంతోషానికీ, ఆ నష్టానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: డాక్టర్ హూ, బీబీసీ, అభిమానం, వైజ్ఞానిక కల్పన, టెలివిజన్ చరిత్ర.

ఉపోద్ఘాతం:

తెలుగులో ‘అభిమానం’ అనే మాటను రెండు అర్థాల్లో వాడుతున్నాం. ఒకటి ప్రీతి, రెండవది ఆత్మగౌరవం. ‘అభిమాన నటుడు’ అన్నప్పుడు మొదటిది, ‘అభిమానం దెబ్బతిన్నది’ అన్నప్పుడు రెండవది. సంస్కృతంలో ఈ పదానికి ‘ఇది నాది’ అనుకునే భావన కూడా ఉంది. ఆంగ్లంలో అభిమానిని సూచించే ‘ఫ్యాన్’ అనే పదానికి ఈ విస్తృతి లేదు. ఒక టెలివిజన్ ధారావాహిక పునరాగమనాన్ని దాని అభిమానులు ఎలా స్వీకరించారో చెప్పడానికి మన మాటే ఎక్కువ ఉపకరిస్తుంది. ఎందుకంటే ఆ స్పందనలో ప్రీతి, గౌరవం, మమకారం మూడూ కలిసే ఉన్నాయి.

‘డాక్టర్ హూ’ మొదటి భాగం 1963 నవంబరు 23, శనివారం సాయంత్రం ప్రసారమైంది. దానికి ముందురోజే అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగింది. దేశమంతా ఆ వార్తలో మునిగి ఉండటంతో, తరువాతి శనివారం రెండవ భాగానికి ముందు మొదటి భాగాన్ని మరొకసారి ప్రసారం చేశారు. నిర్మాత వెరిటీ లాంబర్ట్. తొలి కథకు దర్శకత్వం వహించిన వారిస్ హుస్సేన్ లక్నోలో పుట్టినవాడు. పాత లండన్ వీధుల్లో కనిపించే నీలిరంగు పోలీసు పెట్టె ఆకారంలో ఒక కాలనౌక. బయటికి చిన్నది, లోపల విశాలమైనది. అందులో కాలాల మధ్య, గ్రహాల మధ్య తిరిగే ‘డాక్టర్’ అనే అన్యగ్రహవాసి. స్థూలంగా కథ ఇంతే. 1966లో ప్రధాన నటుడు విలియం హార్ట్‌నెల్ తప్పుకోవలసి వచ్చినప్పుడు, డాక్టర్ మరణించే స్థితిలో దేహం మార్చుకుంటాడని కల్పించి పాట్రిక్ ట్రౌటన్‌ను ప్రవేశపెట్టారు. నటుడి అనారోగ్యం వల్ల ఏర్పడిన ఈ ఏర్పాటే ధారావాహికకు దీర్ఘాయుష్షునిచ్చింది. ‘మారినా అతడే’ అని నమ్మడం ప్రేక్షకులకు అప్పుడే అలవాటైంది. అయినా 2005 నాటికి ఆ నమ్మకం అంత తేలికగా రాలేదు.

చెరిపిన టేపులు – దాచిన శబ్దాలు:

అభిమానుల స్వాధీనభావానికి మూలం కేవలం మమకారం కాదు. దానికి భౌతికమైన ఆధారం ఉంది. 1967 నుంచి 1978 వరకు బీబీసీ తన పాత కార్యక్రమాల టేపులను చెరిపివేసింది. టేపు ఖరీదైన వస్తువు, తిరిగి వాడుకోవచ్చు. నటుల సంఘాలతో ఉన్న ఒప్పందాల వల్ల పునఃప్రసారాలకు పరిమితి ఉండేది. రంగుల ప్రసారం వచ్చాక నలుపు-తెలుపు కార్యక్రమాలకు విలువ లేదనుకున్నారు. విదేశాలకు అమ్మకం కోసం తీసిన ఫిల్మ్ ప్రతులు కూడా చాలావరకు నాశనమయ్యాయి. తొలి ఆరేళ్ళలో ప్రసారమైన 253 భాగాల్లో, 2013లో నైజీరియాలో దొరికిన తొమ్మిదింటిని కలుపుకొన్న తరువాత కూడా, 97 భాగాల దృశ్యప్రతులు లేవని తేలింది. హార్ట్‌నెల్ ట్రౌటన్‌గా మారే ఆ చరిత్రాత్మక భాగం కూడా అందులో ఒకటి. మారే క్షణం చూపే చిన్న ముక్క మాత్రం మిగిలింది.

దృశ్యం పోయింది గాని శబ్దం పోలేదు. ఆ 97 భాగాల శబ్దం మొత్తం నేటికీ ఉంది. ప్రసారమవుతున్నప్పుడు కొందరు ప్రేక్షకులు, వారిలో పలువురు బడిపిల్లలు, ఇళ్ళలో టేపు రికార్డర్లతో దానిని పట్టి ఉంచారు. కొందరు టెలివిజన్ స్పీకరు ముందు మైకు పెట్టి, ఇంట్లోవారిని మాట్లాడవద్దని బతిమాలి రికార్డు చేసుకున్నవారే. ఒక జాతీయ ప్రసారసంస్థ పారవేసినదాన్ని పిల్లలు దాచిపెట్టడం టెలివిజన్ చరిత్రలో చిన్న విషయం కాదు. మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) ప్రతి నేడు దొరకని స్థితిని తలచుకుంటే, అటువంటి పిల్లలు మనకూ ఉండి ఉంటే బాగుండుననిపిస్తుంది.

ఈ నేపథ్యంలో అభిమానులు తమను ప్రేక్షకులుగా గాక ధర్మకర్తలుగా భావించుకోవడంలో ఆశ్చర్యం లేదు. 1976లో అభిమానసంఘం ఏర్పడింది. 1979 అక్టోబరులో వారపత్రిక ఒకటి మొదలై, మరుసటి ఏడాది మాసపత్రికగా మారి, ధారావాహిక ఆగినప్పుడు కూడా ఆగలేదు. అయితే, జ్ఞానం ఉన్నంత మాత్రాన అధికారం రాదు. పరిశోధకుడు జాన్ టల్లోక్ ఈ అభిమానులను అధికారం లేని ఉన్నతవర్గంగా పేర్కొన్నాడు. 1985 ఫిబ్రవరిలో బీబీసీ ధారావాహికను పద్దెనిమిది నెలలు వాయిదా వేసినప్పుడు అభిమానులు, నటులు కలిసి ఒక పాట రికార్డు చేసి విడుదల చేశారు. ఫలితం లేకపోయింది. 1986 డిసెంబరులో బీబీసీ కార్యక్రమం ఒకదానిలో క్రిస్ చిబ్నాల్ అనే పదహారేళ్ళ అభిమాని రచయితలను ముఖాముఖి విమర్శించాడు. 2018లో ఆ ధారావాహికకు ప్రధాన రచయిత అయినవాడు ఇతడే.

విరామకాలం:

1989 డిసెంబరు 6న చివరి భాగం ప్రసారమైంది. వేరే ఛానెల్‌లో వచ్చే ‘కోరొనేషన్ స్ట్రీట్’ అనే జనాదరణ గల ధారావాహికకు ఎదురుగా ఉంచడం వల్ల అప్పటికే ప్రేక్షకులు తగ్గిపోయారు. రద్దు చేశామని బీబీసీ బాహాటంగా ప్రకటించలేదు. మళ్ళీ తీయలేదు, అంతే. అభిమానులు ఈ కాలాన్ని అరణ్యవాసం అనే అర్థం వచ్చే పేరుతో పిలుచుకున్నారు. నిజానికి ఇది సాహిత్యపరంగా సారవంతమైన అరణ్యం. 1991 నుంచి వర్జిన్ ప్రచురణసంస్థ కొత్త నవలలు వేసింది. ఆ సంస్థ పేరులేని రచయితల రాతప్రతులను కూడా ఆహ్వానించడం ముఖ్యమైన విషయం. అభిమాన పత్రికల్లో రాసుకుంటున్న యువకులు అచ్చుపుస్తకాల రచయితలయ్యారు. పాల్ కార్నెల్, మార్క్ గాటిస్ అలా వచ్చినవారే. రసెల్ టి. డేవీస్ 1996లో ఒక నవల రాశాడు. 1999 నుంచి బిగ్ ఫినిష్ అనే సంస్థ పాత నటులతోనే శ్రవ్యనాటకాలు వెలువరించింది.

1996లో అమెరికా సంస్థలతో కలిసి తీసిన చలనచిత్రం ఒక్కటే ఈ కాలంలో తెరమీద జరిగిన పెద్ద ప్రయత్నం. బ్రిటన్‌లో సుమారు తొంభై లక్షలమంది చూశారు. డాక్టర్ తల్లి వైపు నుంచి సగం మానవుడని అందులో చెప్పడం, అతడు ఒక స్త్రీని ముద్దుపెట్టుకోవడం అభిమానుల్లో ఏళ్ళతరబడి వాదానికి కారణమయ్యాయి. ధారావాహిక మాత్రం రాలేదు. ఒకసారి ఆశపడి భంగపడినవారి జాగ్రత్త 2003లో స్పష్టంగా కనిపిస్తుంది.

2003 వార్త:

2003 సెప్టెంబరు 26న వార్త వెలువడింది. బీబీసీ వన్ అధిపతి లొరైన్ హెగెసీ పూనుకోగా, వేల్స్ విభాగం కార్డిఫ్‌లో ధారావాహికను నిర్మించబోతోంది. రచయిత రసెల్ టి. డేవీస్. 1999లో అతడు రాసిన ‘క్వీర్ యాజ్ ఫోక్’లో ఒక ప్రధాన పాత్ర ‘డాక్టర్ హూ’ అభిమాని. కాబట్టి ‘మనవాడు’ అన్న భరోసా కలిగింది. అయినా అనుమానాలు తీరలేదు. గాయని బిల్లీ పైపర్‌ను సహనటిగా ఎంపిక చేసినప్పుడు పెదవి విరిచినవారు ఎక్కువ. 2004 వేసవిలో ప్రసిద్ధ ప్రతినాయకులైన డాలెక్‌ల హక్కుల విషయమై వాటి సృష్టికర్త వారసులతో చర్చలు ఒక దశలో విఫలమైనాయి. రావణుడు లేని రామాయణమా అన్నంత దిగులు కలిగింది. కొద్ది వారాల్లో ఒప్పందం కుదిరింది.

2005 మార్చి మొదట్లో మొదటి భాగం ప్రసారానికి మూడు వారాల ముందే ఇంటర్నెట్‌లోకి లీకైంది. అభిమానులకు ఇది ధర్మసంకటం. పదిహేనేళ్ళు ఎదురుచూసిన దానిని దొంగప్రతిలో చూడాలా, మరో మూడు వారాలు ఆగాలా? చూసినవారున్నారు, చూడకుండా నిగ్రహించుకున్నవారున్నారు. ఈ రెండు పక్షాలూ ఒకరినొకరు తప్పుపట్టుకున్నారు. అభిమానానికి కొలమానం జ్ఞానం కాక ఓర్పు కావడం బహుశా అప్పుడే మొదటిసారి.

2005 మార్చి 26:

ఆ శనివారం కోటీ ఎనిమిది లక్షలమంది ‘రోజ్’ అనే మొదటి భాగాన్ని చూశారు. నాలుగు రోజులకే రెండవ విడత ఖరారైంది. వెంటనే మరో వార్త: డాక్టర్ పాత్రధారి క్రిస్టఫర్ ఎక్లెస్టన్ మొదటి విడతతోనే తప్పుకుంటున్నాడు. అతడు అనని మాటలను అతని పేరిట ప్రకటించినందుకు బీబీసీ ఏప్రిల్ 4న క్షమాపణ చెప్పుకుంది. విందు మొదలైన వారానికే ఇంటిపెద్ద లేచిపోయినట్లయింది.

విమర్శలు రాకపోలేదు. త్రేన్చే చెత్తడబ్బా, అపానవాయువు వదిలే గ్రహాంతర వాసులు, హోరెత్తే సంగీతం, కథానాయిక రోజ్ తల్లి, ప్రియుడు చుట్టూ తిరిగే కుటుంబగాథ పాత అభిమానులకు రుచించలేదు. ఇరవై అయిదు నిమిషాల భాగాలుగా సాగి, ప్రతివారం ఉత్కంఠ దగ్గర ఆగే కథనం పోయి, నలభై అయిదు నిమిషాల్లో ముగిసే కథలు వచ్చాయి. ఈ విమర్శలను బయటివారిపై అభిమానుల తిరుగుబాటుగా చూడటం పొరపాటని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ ఏడాది ప్రసారమైన పదమూడు భాగాలను రాసినవారు ఐదుగురు: డేవీస్, గాటిస్, రాబర్ట్ షియర్‌మన్, కార్నెల్, స్టీవెన్ మొఫాట్. ఐదుగురూ విరామకాలంలో నవలగానో, కథగానో, శ్రవ్యనాటకంగానో, హాస్యరూపకంగానో డాక్టర్‌ను గురించి రాసినవారే. షియర్‌మన్ రాసిన ‘డాలెక్’ భాగానికి ఆధారం 2003 నాటి అతని శ్రవ్యనాటకం. కనుక ఆ తగవు ఇంటివారి మధ్యే జరిగింది. కొందరు అన్నదమ్ములకు తాళంచెవులు దక్కాయి, మిగిలినవారికి దక్కలేదు.

తాళం చేతికొచ్చినవారు చేసిన మొదటి పని ఏమిటంటే, పాత గది తలుపు మూయడం. డాక్టర్ స్వగ్రహం గాలిఫ్రే ఒక మహాయుద్ధంలో నశించిందని, అతడొక్కడే మిగిలాడని కొత్త కథ చెప్పింది. కథానాయకుడికి దుఃఖాన్నిచ్చిన ఈ కల్పన ప్రేక్షకుడికి సౌకర్యాన్ని కూడా ఇచ్చింది. ఇరవై ఆరేళ్ళ పూర్వకథ తెలియకపోయినా నష్టం లేదు. కానీ ఆ పూర్వకథే కొందరి జీవితకాలపు ఆస్తి. దాని మారకపు విలువ ఒక్క సాయంత్రంలో పడిపోయింది. 1995లో కార్నెల్ రాసిన ‘హ్యూమన్ నేచర్’ నవలను 2007లో అతనిచేతనే మరో డాక్టర్‌తో తెరకెక్కించినప్పుడు ఇది మరింత స్పష్టమైంది. ఒకే అనుభవం ఇద్దరు డాక్టర్లకూ జరిగిందా? అయితే విరామకాలంలో తాము చదివి, నమ్మి, వాదించిన నవలలన్నీ జరగనట్లేనా? బీబీసీ ఏ ప్రామాణిక జాబితానూ ప్రకటించలేదు. మౌనంగా ఉండటం సంస్థకు సుఖం. వాదించుకోవడం అభిమానులకు కూడా సుఖమేనేమో.

‘మనం కానివారు’:

1982 నాటి ‘కిండా’ అనే కథలో ఒక ఆదిమజాతివారు పరాయివారిని ‘మనం కానివారు’ అని పిలుస్తారు. అభిమానులు ఆ మాటను తమ పత్రికలోకి తెచ్చుకుని, ధారావాహిక తెలియని సామాన్యజనానికి వాడేవారు. 1990లలో ఆ వేళాకోళం చెల్లింది, ఎందుకంటే ‘మనం’ మాత్రమే మిగిలి ఉన్నారు. 2005లో కోటిమంది ‘మనం కానివారు’ ఒకేసారి వచ్చిపడ్డారు. బడిలో దాచుకోవలసిన ఇష్టం ఇప్పుడు బడిపిల్లలందరి ఆట అయింది. చాలామందికి ఇది విముక్తి. మరికొందరికి, పాపం, నిర్వాసితుల బాధ. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం కూడా అసాధ్యం కాదు.

2006 ఏప్రిల్ 29న ప్రసారమైన ‘స్కూల్ రీయూనియన్’ ఈ స్థితికి తెరమీద రూపమిచ్చింది. 1976లో డాక్టర్‌ను విడిచి వెళ్ళిన సహచరి సారా జేన్ పాత్రలో అదే నటి ఎలిజబెత్ స్లేడెన్ ముప్పై ఏళ్ళకు తిరిగివచ్చింది. వయసు పైబడిన ఆమె, మారని డాక్టర్, అతని పక్కన కొత్త అమ్మాయి రోజ్. తాను ఎదురుచూశానని, అతడు రాలేదని ఆమె నిష్ఠూరమాడుతుంది. ఆమెకూ రోజ్‌కూ మధ్య మొదట తాము చూసిన వింతల విషయంలో పోటీ, ఆ తరువాత అతని వింత అలవాట్లమీద ఇద్దరూ కలిసి నవ్వుకోవడం. పాత ప్రేక్షకులకూ కొత్త ప్రేక్షకులకూ జరగవలసిన పరిచయాన్ని రచయిత టోబీ విట్‌హౌస్ ఆ రెండు పాత్రల మధ్య జరిపించాడు. పిల్లలు ఆమెను మొదటిసారి చూసి ఇష్టపడ్డారు. 2007 నుంచి ఆమె పేరుతోనే వారికోసం వేరొక ధారావాహిక నడిచింది.

అదే 2006 నవంబరులో, 1968 నాటి ‘ది ఇన్వేజన్’ కథ డీవీడీగా వచ్చింది. ఎనిమిది భాగాల్లో మొదటిదీ నాలుగవదీ దృశ్యం లేనివి. కాస్‌గ్రోవ్ హాల్ సంస్థ వాటికి కొత్తగా యానిమేషన్ చేసింది. కదిలే బొమ్మలు కొత్తవి. వాటి వెనుక వినిపించే గొంతులు మాత్రం 1968 శనివారాల్లో ఎవరి ఇంట్లోనో, టేపు రికార్డరులో పట్టి ఉంచినవి.