ముల్లు మార్చేలోపు మూడు నిమిషాలు

మా నల్లపాడులో పెళ్లయినా, రామనవమి పందిరైనా మైకుసెట్టు మా బాబాయిదే. పక్కన కూచుని గ్రామఫోను ముల్లు పెట్టేది నేను.

లక్కతో చేసిన పాత ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. పది అంగుళాల ప్లేటుకి ఒక పక్క మూడు నిమిషాల చిల్లర పాట, అంతే. గుంటూరు ఏసీ కాలేజీలో పాఠాలు చెప్పిన కరుణశ్రీ గారి 'పుష్పవిలాపం' ఘంటసాల పాడితే, దాన్ని ఒకే ప్లేటుకి రెండు పక్కలా సర్దారు. పువ్వు గోడు సగంలో ఉండగా ప్లేటు తిప్పాలి. కాస్త ఆలస్యమైతే పందిట్లోంచి "ఏందిరా, నిద్దరపోయావా?" అని కేక. కీ ఇచ్చే పెట్టెలో స్ప్రింగు సడలిందో, గాయని లీల పాటా మగగొంతులోకి దిగేది.

1948లో అమెరికాలో కొలంబియా వాళ్లు 33⅓ చుట్ల ఎల్పీ తెచ్చారు. సన్నగాడి, ప్లాస్టిక్ ప్లేటు, పక్కకు ఇరవై నిమిషాల పైనే. ఆ మరుసటేడే ఆర్‌సీఏ వాళ్ల 45 వచ్చింది. మెల్లగా తిరిగితే ఎక్కువసేపు పాడుతుంది, నిజమే. కానీ సెకనులో ముల్లు కింద నడిచే గాడి తగ్గి, శబ్దం మెలికలన్నీ ఇరుక్కుపోతాయి. ఎల్పీ అంచున సెకనుకు అర మీటరు గాడి నడిస్తే, లేబులు దగ్గరికొచ్చేసరికి ఇరవై సెంటీమీటర్లే. అందుకే చివరి పాటలో 'స'లు, 'శ'లు బుసకొట్టేవి. ఇదంతా ఇంట్లో వింటేనే. వేపచెట్టుకి కట్టిన హారన్‌లో ఏ ప్లేటైనా ఒకటే మోత. 78 నాదమే నాదమని ఇప్పుడు మురిసిపోయేవాళ్లు ఆ హారన్ కింద ఒక రాత్రి కూచోవాల్సింది.

మా ఊరి గాలితో మరో తంటా. మిరప కల్లాల దుమ్ము, పత్తి నూగు. 78 మీద బరువైన ఉక్కు ముల్లు నూగుని దున్నుకుంటూ పోయేది. ఎల్పీ సన్నముల్లుకైతే అదే నూగు ఉండలా చుట్టుకుని, గొంతు దుప్పట్లో పాడినట్టయ్యేది. పాట మధ్యలోనే ముల్లెత్తి ఉఫ్‌మని ఊదాలి.

బాబాయికి ఇష్టమైంది 45. ఏడంగుళాల ఈపీ, పక్కకు రెండేసి సినిమా పాటలు. వియ్యాలవారు ఫలానా పాట వెయ్యమంటే కవరు చూసి తీసి క్షణంలో వేసేవాడు. ఎల్పీలో అయితే పెట్రోమాక్సు వెలుగులో పాటకీ పాటకీ మధ్య నల్లగీత వెతుక్కోవాలి.

ఎల్పీకి ఆయన దండం పెట్టింది ఒక్క విషయంలోనే. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల పోయాక ఆయన భగవద్గీత ఎల్పీగా వచ్చింది. తెల్లారుజామున గుళ్లో అది పెట్టి, నిశ్చింతగా స్టేషను దగ్గర టీ తాగి వచ్చేవాడు. శ్లోకం మధ్యలో ప్లేటు తిప్పే గొడవ లేదు. పెళ్లిళ్లకి మాత్రం 45 వదల్లేదు. తర్వాత క్యాసెట్లొచ్చి, కావలసిన పాట కోసం రీలు ముందుకీ వెనక్కీ తిప్పాల్సి వచ్చేసరికి, ఈ సుఖం కోసమా ప్లేట్లన్నీ అటకెక్కించిందని తిట్టుకుంటూ కూచునేవాడు.